రచయితల వేసవి విడిది

రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవికి ఒక దినచర్య ఏర్పరచినాడు. పగటిని నాలుగు జాములు చేసి, మొదటి జామును విద్యాభ్యాసానికి, రెండవదానిని రచనకు, మూడవదానిని కావ్యగోష్ఠికి విడిచి, నాలుగవ జామున ఆ ఉదయం వ్రాసినదానిని పరీక్షించుకొమ్మన్నాడు. ఆ పరీక్ష కవి ఒంటరిగా చేసుకోవచ్చు. కొద్దిమంది గల పరిషత్తులోనైనా చేసుకోవచ్చు. రసావేశంలో ఉన్నవానికి తన రచనలోని మంచిచెడ్డలు కనుపించవు గనుక ఆ వేడి చల్లారిన తరువాత చూడవలెనని ఆయన ఉద్దేశం. గోష్ఠి వేరు, పరీక్ష వేరు అన్న ఈ విభాగం చాలా విలువైనది. గోష్ఠిలో నలుగురి ఎదుట నిలిచేవాడు కవి. పరీక్షలో నిలిచేది కావ్యం. మమ్మటుడు కూడా కావ్యహేతువులు చెబుతూ శక్తినీ నిపుణతనూ పేర్కొని ఊరుకోలేదు. కావ్యజ్ఞుల శిక్షలో చేసే అభ్యాసాన్ని వాటి సరసన కూర్చోబెట్టినాడు. కాబట్టి కవిత్వం ఒకరు నేర్పితే వస్తుందా అని మన సభలలో ఎవరైనా వెటకారంగా అడిగితే, ఆ వెటకారానికి సంప్రదాయబలం లేదని చెప్పవలసి ఉంటుంది.

ఈ నాలుగవ జామును ఒక సంస్థగా మార్చి, రుసుము పెట్టి, ఏటేటా వేసవిలో నడిపినవారు అమెరికనులు. వారి రచనాశిక్షణ అనగానే మనవారికి అయోవా విశ్వవిద్యాలయం పేరు స్ఫురిస్తుంది. ఆ కార్యశాల 1936లో ప్రారంభమైనది. దానికి పదేండ్ల ముందే, 1926లో, వెర్మాంట్ రాష్ట్రంలోని రిప్టన్ గ్రామం దగ్గర, రొట్టె ఆకారంలో కనిపించే కొండ పేరు పెట్టుకొని బ్రెడ్ లోఫ్ రచయితల సమావేశం వెలసినది. దాని పుట్టుకలో ఆదర్శం ఎంత ఉన్నదో గృహయజమాని లెక్క కూడా అంతే ఉన్నది. జోసెఫ్ బాటెల్ అనే ధనికుడు ఆ కొండల నడుమ ఒక పెద్ద సత్రం కట్టించి, 1915లో చనిపోతూ దానినీ చుట్టుపట్ల వేలాది ఎకరాల అడవినీ మిడిల్‌బరీ కళాశాలకు వ్రాసి ఇచ్చినాడు. కళాశాలవారు 1920లో అక్కడ ఆంగ్లసాహిత్యం చెప్పే వేసవి పాఠశాల పెట్టినారు. ఆ పాఠశాల ముగిసిన తరువాత, చలి ముదరకముందు, ఆగస్టు చివర సత్రం ఖాళీగా పడి ఉండేది. ఆ ఖాళీ పక్షంలో రచయితలను పిలిపిస్తే బాగుంటుందన్న ఆలోచన అట్లా వచ్చినది. రాబర్ట్ ఫ్రాస్ట్ వంటివారు దానికి ప్రోత్సాహమిచ్చినారు. మొదటి సంచాలకుడు జాన్ ఫారర్. అప్పటికి ఆయన పత్రికాసంపాదకుడు. అనతికాలంలోనే ప్రచురణకర్త అయినాడు. ఈ సంగతి గుర్తుంచుకోదగినది. ఆ సమావేశం మొదటినుంచీ ఆశ్రమం కాదు. అచ్చు యంత్రం చప్పుడు కొండమీదికి వినబడుతూనే ఉండేది.

ఈ సమావేశాన్ని గురించి ముఖ్యంగా మూడు పుస్తకాలు చూడవలసి ఉన్నది. 1932 నుండి 1955 వరకు సంచాలకుడుగా ఉన్న థియొడోర్ మారిసన్ మొదటి ముప్పై ఏండ్ల చరిత్రను 1976లో ప్రకటించినాడు. డేవిడ్ హేవర్డ్ బెయిన్ 1992 వరకు గల కథను 1993లో వెలువరించినాడు. వాలెస్ స్టెగ్నర్ తన మిత్రుడు బెర్నార్డ్ డివోటో జీవితచరిత్రను 1974లో వ్రాస్తూ బ్రెడ్ లోఫ్ వేసవులకు అందులో గణనీయమైన చోటు ఇచ్చినాడు. సంచాలకుడు వ్రాసిన చరిత్రలో మర్యాద ఉండడం సహజం. మిత్రుడు వ్రాసిన జీవితచరిత్రలో మనుషులు ఎక్కువగా కనిపించడమూ సహజమే. సంస్థ కథ కావలసినవారు మొదటి రెండింటిని చదువుతారు. రచయితలు పదిహేను రోజులు ఒకే కప్పు కింద ఉంటే ఏమవుతుందో కావలసినవారు స్టెగ్నర్‌ను చదవాలి.

దినచర్య చూడబోతే చిత్రంగా రాజశేఖరుని జాములకు దగ్గరగానే ఉన్నది. ఉదయం ఉపన్యాసం, తరువాత కథ, కవిత, నవల అంటూ శాఖల వారీ చర్చ, మధ్యాహ్నం వ్రాతప్రతిని చదివి ఉంచిన ఉపాధ్యాయునితో ముఖాముఖి, రాత్రి చిన్న నాటకశాలలో పెద్దల కావ్యపఠనం. వచ్చేవారిలో రెండు తరగతులు. రచన ముందుగా పంపి చదివించుకొనేవారు ఒక తరగతి. కేవలం వినిపోయేవారు మరొకటి. ఈ రెండవ తరగతివారికి దక్కేది గోష్ఠి మాత్రమే. మొదటివారికి ఆ కొద్ది నిమిషాల ముఖాముఖి కూడా దక్కుతుంది. సమావేశం ఖర్చంతా, ప్రయాణమంతా, ఆ పెద్దల పేర్ల ఆకర్షణ అంతా చివరకు ఆ కొద్ది నిమిషాల కోసమే అని గ్రహించినవారు బాగుపడినారు. గ్రహించనివారు సంతకాలు పోగుచేసుకొని వెళ్ళినారు.

బ్రెడ్ లోఫ్‌లో తరతమభేదాలు మొదటినుంచీ ప్రసిద్ధం. ఉపాధ్యాయవర్గం, దాని కింద ఒక పుస్తకం అచ్చువేసి పేరు తెచ్చుకుంటున్న ఫెలోలు, దాని కింద విద్యార్థివేతనం పొందినవారు, ఆ కింద రుసుము చెల్లించి వచ్చినవారు. ట్రీమన్ కుటీరమని ఒక ఇల్లు ఉన్నది; సాయంకాలం మద్యమూ సంభాషణా అక్కడ. పిలుపు లేనిదే మామూలువారు ఆ గడప తొక్కరాదు. విద్యార్థివేతనం పొందిన యువరచయితలలో కొందరు భోజనశాలలో వడ్డన చేసి తమ ఖర్చు తీర్చుకొనేవారు. చాలాకాలం దీనిని ఒక గౌరవంగానే చెప్పుకున్నారు. ఒకనాడు వడ్డించినవారే తరువాత ఉపాధ్యాయులుగా తిరిగి వచ్చినారని కథలు చెప్పుకొనేవారు. ప్రతిభ చూసి ఎంపిక చేసిన వానిచేత డబ్బు ఇచ్చి వచ్చినవానికి రొట్టె వడ్డింపజేయడంలోని అసందర్భం వారికి తట్టడానికి అనేక దశాబ్దాలు పట్టినది. ఇటీవలి సంవత్సరాలలోనే ఆ ఏర్పాటును ఎత్తివేశారు. మన పూర్వపు గురుకులాలలో శిష్యులు నీళ్ళు తోడలేదా అని ఎవరైనా అడగవచ్చు. తోడినారు. అయితే వారు తోడినది గురువు ఇంటికి. తోటి విద్యార్థులలో కలిగినవాని ఇంటికి కాదు.

ఇక 1938 నాటి సంఘటన. ఆ మార్చిలో ఫ్రాస్ట్ భార్య ఎలినోర్ మరణించినది. అరవైనాలుగేండ్ల కవి దుఃఖంతోనూ కోపంతోనూ చెదిరి ఉన్నాడు. ఆగస్టులో బ్రెడ్ లోఫ్‌కు వచ్చినాడు. ఒక సాయంకాలం ఆర్చిబాల్డ్ మక్లీష్ కావ్యపఠనం ఏర్పాటైనది. మక్లీష్ వయస్సులో చిన్న. అప్పటికే పులిట్జర్ బహుమతి పొంది, యువకులలో మంచి ఆదరణ ఉన్నవాడు. ఫ్రాస్ట్ వెనుక వరుసలో కూర్చుని, మొదట చేతిలోని కాగితాలు చప్పుడయ్యేటట్లు మడిచినాడు. తరువాత వాటికి నిప్పంటించి, అయ్యో అంటుకున్నదే అన్నట్లు హడావిడిగా ఆర్పుతూ పొగ లేపినాడు. సభ చూపు మక్లీష్‌ను విడిచి ఆ పొగ వైపు మళ్ళినది. ఆ వేసవి అక్కడనే ఉన్న స్టెగ్నర్ ఈ ఉదంతాన్ని దాచలేదు. ఫ్రాస్ట్‌కు అంతవరకు పరమభక్తుడైన డివోటో సెలవు తీసుకుంటూ, కవిగా మంచివాడవే గాని మనిషిగా చెడ్డవాడవని ఆయన ముఖంమీదనే చెప్పినాడట.

ఈ ఉదంతం పదేపదే చెప్పుకోవడంలో కొంత వినోదం ఉన్నదన్నమాట నిజమే. దీనిలో విమర్శకునికి పనికివచ్చే అంశం వేరే ఉన్నది. రాజశేఖరుడు భావకులను, అంటే కావ్యాన్ని ఆస్వాదించి తీర్పు చెప్పేవారిని, నాలుగు విధాలుగా విభజించినాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డీ గింజా వేరు చేయకుండా అన్నీ మింగేవాడు సతృణాభ్యవహారి. గుణం తెలిసి కూడా అసూయచేత ఒప్పుకోనివాడు మత్సరి. అసలు తత్త్వం కోసం వెదికేవాడు తత్త్వాభినివేశి. ఈ చివరివాడు వేయిమందిలో ఒకడు దొరికితే గొప్ప. ఆ రాత్రి నిప్పంటించినవాడు మత్సరి. మరునాడు మధ్యాహ్నం ఎవరో అనామకుని పద్యం ముందు పెట్టుకుని, ఇక్కడ నీ గొంతు నీది కాదు అని ఒక్క మాటలో పట్టి చూపగలిగినవాడూ అటువంటి కవే కావచ్చు. ఒకే మనిషిలో మత్సరీ తత్త్వాభినివేశీ కాపురముంటారు. సభలో, వేదికకు ఎదురుగా, మొదటివాడు బయటికి వస్తాడు. కాగితం ముందు, తలుపు వేసిన గదిలో, రెండవవానికి అవకాశం కలుగుతుంది. వేసవి సమావేశాల మంచిచెడ్డలు తూచేవారు ఈ గదుల తేడాను గమనించక తప్పదు.

1940లో ఫెలోలుగా వచ్చినవారిలో కార్సన్ మెకల్లర్స్, యూడోరా వెల్టీ ఇద్దరూ ఉన్నారు. ఒకరి మొదటి నవల అప్పుడే వెలువడినది; రెండవవారి మొదటి కథాసంపుటి మరుసటి ఏడు రావలసి ఉన్నది. ఇటువంటి పేర్లు జాబితాగా చెప్పి ఇదంతా బ్రెడ్ లోఫ్ మహిమ అనడం సంస్థలకు అలవాటు. వారు బ్రెడ్ లోఫ్ వెళ్ళకపోయినా వెల్టీ వెల్టీయే, మెకల్లర్స్ మెకల్లర్సే అయి ఉండేవారు. సమావేశం నిజంగా ఒక రచన గతిని మార్చిన సందర్భాలు వెదకాలంటే ఇంకొంచెం కిందికి దిగవలసి ఉంటుంది.

ఆన్ సెక్స్‌టన్ అటువంటి సందర్భం. బోస్టన్ దగ్గర కాపురమున్న గృహిణి. ఇద్దరు ఆడపిల్లల తల్లి. తీవ్రమైన మానసికవ్యాధితో ఆసుపత్రి పాలై, వైద్యుని ప్రోత్సాహంతో 1956 చివర పద్యాలు వ్రాయడం మొదలుపెట్టినది. స్థానికంగా జాన్ హోమ్స్ అనే కవి నడిపే వయోజనుల తరగతికి వెళ్ళేది. ఆ రోజులలో ఒక సంకలనంలో డబ్ల్యూ. డి. స్నాడ్‌గ్రాస్ వ్రాసిన కవిత చదివినది. భార్యతో విడిపోయి, కూతురుకు దూరమైన తండ్రి తన బాధను సూటిగా చెప్పిన కవిత అది. తన జీవితం గురించి తానూ అట్లా వ్రాయవచ్చునని ఆమెకు తోచినది. 1958 ఆగస్టులో ఆంటియాక్ కళాశాలలో జరిగే వేసవి రచయితల సమావేశానికి స్నాడ్‌గ్రాస్ వస్తున్నాడని తెలిసి, ఆయన కోసమే అక్కడికి వెళ్ళినది. కొద్ది రోజులే. ఆయన ఆమె పద్యాలు చదివినాడు. తరువాత ఉత్తరాల ద్వారా చదువుతూనే ఉన్నాడు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లోవెల్ తరగతికి వెళ్ళమని దారి చూపినాడు. 1959లో ఆమె ఫ్రాస్ట్ పేరిట గల ఫెలోషిప్పుతో బ్రెడ్ లోఫ్‌కు వచ్చింది. 1960లో మొదటి సంపుటి వెలువడినది. అమెరికన్ కవిత్వంలో ఆత్మనివేదన మార్గమని పేరుబడిన ధోరణిలో ఆ సంపుటి ముఖ్యమైనది.

ఇక్కడ రెండవ పార్శ్వం చెప్పకపోతే కథ అసంపూర్తి. ఆమె తొలిగురువు హోమ్స్ ఆ ఆసుపత్రి కవితలు అచ్చువేయవద్దని 1959లో ఆమెకు సలహా ఇచ్చినాడు. ఆయన దుర్మార్గుడు కాడు. మంచి ఉద్దేశంతోనే చెప్పినాడు. ఆమె దానికి జవాబు ఒక కవితగానే వ్రాసి ఆ సంపుటిలో చేర్చింది. అంటే కావ్యజ్ఞుల శిక్ష ఒకే దిక్కు నుంచి వస్తే ప్రమాదమున్నది. ప్రతివారం చూసే గురువు ఆమె క్షేమం ఆలోచించినాడు. దూరాన కొద్ది రోజులు చూసినవాడు ఆమె కవిత్వాన్ని ఆలోచించినాడు. వేసవి సమావేశానికి గల అసలైన ప్రయోజనం ఈ అపరిచితత్వమే కాబోలు. అక్కడి పాఠకునికి రచయిత కుటుంబం తెలియదు, కులం తెలియదు, ఎవరి శిష్యుడో తెలియదు, ముందున్నది కాగితమొక్కటే.

మరొక ఉదాహరణ 1970 నాటిది. పెన్సిల్వేనియాలోని క్లారియన్ కళాశాలలో రాబిన్ స్కాట్ విల్సన్ 1968లో విజ్ఞానకల్పనా రచయితల కోసం ఆరువారాల వేసవి కార్యశాల ప్రారంభించినాడు. అక్కడి పద్ధతికి మూలం 1956 నుండి డేమన్ నైట్, జూడిత్ మెరిల్, జేమ్స్ బ్లిష్ మిల్‌ఫర్డ్ అనే ఊరిలో జరిపిన సమావేశాలలో ఉన్నది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. కథను అందరూ ముందే చదివి వస్తారు. ఒకరి తరువాత ఒకరు కొద్ది నిమిషాలు మాట్లాడుతారు. అంతసేపూ రచయిత నోరు విప్పరాదు. అందరూ ముగించిన తరువాతనే అతనికి వంతు. వినడానికి చిన్న నియమం. ఆచరణలో దీనికంటె కఠినమైనది లేదు. రచయిత మాట్లాడనప్పుడు, నా ఉద్దేశం అది కాదండీ అనే అవకాశం ఉండదు. కథలోకి రాని ఉద్దేశం కథకు చెందదని అప్పుడు తెలుస్తుంది. మన గోష్ఠులలో ఈ ఒక్క నియమం పెడితే సగం గోష్ఠులు ఆగిపోతాయి. మిగిలిన సగం బాగుపడతాయి.

1970 వేసవిలో ఆ వలయంలో కూర్చున్నవారిలో ఆక్టేవియా బట్లర్ ఒకతె. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఇరవైమూడేండ్ల నల్లజాతి యువతి, బిడియస్తురాలు. హార్లన్ ఎలిసన్ ఆమెను అక్కడికి వెళ్ళమని ప్రోత్సహించినాడు. ఆ ఆరువారాలలో ఆమె కథలు రెండు అమ్ముడుపోయినవి. ఒకటి మరుసటి ఏడు కార్యశాల సంకలనంలో అచ్చయినది. రెండవది ఎలిసన్ తన సంకలనం కోసం తీసుకున్నాడు. ఆ సంకలనం ఆయన జీవితకాలంలో రానేలేదు. 2006లో బట్లర్ మరణించినది. కథ 2014లో గాని వెలుగు చూడలేదు. ఆ వేసవి తరువాత సుమారు అయిదేండ్ల వరకు ఆమె ఏమీ అమ్ముకోలేకపోయింది. కూలిపనుల వంటి ఉద్యోగాలు చేస్తూ తెల్లవారుజామున లేచి వ్రాసుకున్నది. మొదటి నవల 1976లో వచ్చింది. సమావేశానికి వెళ్ళివచ్చినవారు సాధారణంగా చెప్పుకొనే కథ ఇట్లా ఉండదు. కొండ ఎక్కడం, గుర్తింపు పొందడం, పుస్తకం రావడం అన్న వరుసలో ఉంటుంది. బట్లర్ అనుభవం అంతకంటె నిజాయితీ గలది. ఆరువారాలు ఆమెకు ఇచ్చినది వృత్తి కాదు; తన రచనను పరాయివారు ఎట్లా చదువుతారో వినగల చెవి. ఆ చెవితో ఆ అయిదేండ్లూ ఒంటరిగా గడిపింది. నాలుగవ జాము ఏకాంతంగానైనా జరపవచ్చునని రాజశేఖరుడు ఇచ్చిన వెసులుబాటు ఇటువంటివారికే.

ఈ పద్ధతిపై ఆక్షేపణలు లేకపోలేదు. పదిమంది కూర్చుని సరిదిద్దిన కథలో కోణాలు అరిగిపోతాయి. ఎవరికీ అభ్యంతరం లేని వాక్యం మిగులుతుంది. అన్ని కథలూ ఒకే కొలిమిలోంచి వచ్చినట్లుంటాయి. ఇది నిజం. స్టెగ్నర్ బ్రెడ్ లోఫ్‌లో పనిచేసిన అనుభవంతో 1940 దశకంలో స్టాన్‌ఫర్డ్‌లో రచనాశిక్షణ శాఖ నెలకొల్పినాడు. ఆ తరువాత అమెరికాలో అటువంటి శాఖలు ఊరూరా వెలిసినవి. వాటి కథలు చదివేవారికి ఒక పోలిక తగులుతూనే ఉంటుంది. అయితే ఈ ఆక్షేపణ చేసే హక్కు ఆ పరీక్షకు అలవాటుపడి విసిగినవారిది. ఆ పరీక్షను ఇంకా ఎరుగనివారు ముందుగానే దాని దోషాలు వల్లించడం, తిండిలేనివాడు అజీర్తి గురించి హెచ్చరించడం వంటిది.

జాన్ చార్డీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవలె. 1956 నుండి 1972 వరకు బ్రెడ్ లోఫ్ సంచాలకుడు ఆయన. దాంతే ఇన్ఫెర్నోను 1954లో ఆంగ్లంలోకి తెచ్చిన అనువాదకుడు. 1957 జనవరిలో ఆన్ మారో లిండ్‌బర్గ్ కవితాసంపుటిని ఒక వారపత్రికలో నిర్దాక్షిణ్యంగా విమర్శించి, దేశమంతటి నుంచీ పాఠకుల ఆగ్రహలేఖలు మూటగట్టుకున్నాడు. ఆయన ధోరణిలో అవసరానికి మించిన కర్కశత్వం ఉన్నది. అయినా ప్రతి పదానికీ లయకూ లెక్క అడిగే ఆ అలవాటు అనువాదం నేర్పినదే అనిపిస్తుంది. పరభాషలోని ఒక పంక్తి ముందు నెలల తరబడి తల బాదుకున్నవాడు స్వభాషలోని బద్ధకపు పంక్తిని సహించలేడు.

మన వైపు చూద్దాం. తెలుగువారికి సభలు తక్కువ కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల మహాసభ మొదలుకొని, 1975లో హైదరాబాదు ప్రపంచ తెలుగు మహాసభల వరకు, ఆ తరువాత సముద్రాలకు ఆవల ప్రతి రెండేండ్లకు ఒకసారి జూలై మొదటివారంలో తానా జరిపే ఉత్సవాల వరకు, సాహిత్యానికి వేదిక లేదని ఎవరూ అనలేరు. భువనవిజయం రూపకం కడితే ఇప్పటికీ ప్రేక్షకులు కదలరు. ఒక ఉపన్యాసకుడు పెద్దనగానూ, ఒక బ్యాంకు ఉద్యోగి తెనాలి రామకృష్ణుడుగానూ తలపాగాలు చుట్టుకొని వచ్చి పద్యాలు చదువుతుంటే కలిగే ఆనందం తక్కువది కాదు. దానిని పరిహసించడం పొరపాటు. కాని ఇవన్నీ మూడవ జాము పనులు. నాలుగవ జాము ఎక్కడ?

ఒకప్పుడు ఉండేదని చెప్పవచ్చు. చెళ్ళపిళ్ళవారి శిష్యకోటి ఉన్నది. తల్లావఝుల శివశంకరశాస్త్రిగారు సభాపతిగా నడచిన సాహితీ సమితిలో కవులు ఒకరివి ఒకరు విని, తర్కించి, దిద్దుకొనేవారు. బందరులో కృష్ణాపత్రిక కార్యాలయంలో ముట్నూరి కృష్ణారావుగారి చుట్టూ సాయంకాలం చేరే దర్బారుకు పేరున్నది. తరువాత ఆ పని కొంత పత్రికాసంపాదకుల చేతికి వచ్చినది. భారతి వంటి పత్రికకు వ్యాసం పంపినవాడు అది ఒక చదువరి కంట పడుతుందని నమ్మకంతో పంపేవాడు. 1991లో భారతి ఆగిపోయినది. ఈనాడు కథో కవితో పంపినవానికి అచ్చులో కనపడితే అంగీకారం, కనపడకపోతే నిరాకరణ. నడుమ ఒక్క వాక్యం లేదు. పుస్తకాలలో అనేకం రచయిత సొంత ఖర్చుతో వస్తున్నవి. వ్రాతప్రతి నేరుగా అక్షరాలు కూర్చేవారి దగ్గరకు పోతుంది. అచ్చుదిద్దడం జరిగితే అదృష్టం. పేజీలు కట్టిన తరువాత ఒక పెద్దాయన దగ్గరకు ముందుమాట కోసం వెళతారు. ఆయన చదివేటప్పటికి మార్చడానికి వేళ మించిపోయి ఉంటుంది. కనుక ఆయనకు తోచిన లోపాలు ముందుమాటలోకి రావు, రచయిత చెవికీ రావు. శుభాకాంక్షలు మాత్రం వస్తాయి. తరువాత ఆవిష్కరణ, శాలువా, మూడుగంటల ఉపన్యాసాలు. వేదికమీద ఉన్నవారిలో పుస్తకం పూర్తిగా చదివినవారెందరో అడగడం మర్యాద కాదు. రాజశేఖరుని పరిభాషలో చెప్పాలంటే సతృణాభ్యవహారులు వేదికమీద, అరోచకులు వేదిక కింద.

దీనివల్ల నష్టపోయేది పెద్దలు కాదు. మొదటి పుస్తకంలో ఇరవై కథలు వేసుకున్న యువకునికి, వాటిలో ఆరు నిలుస్తాయి, మిగిలినవి ఆ ఆరింటి చిత్తుప్రతులు అని చెప్పేవారు లేక, రెండవ పుస్తకంలో కూడా అవే చిత్తుప్రతులు వేసుకుంటాడు. మూడవదానికి బహుమతి వస్తుంది. తరువాత ఎవరు చెప్పినా వినడు. వినవలసిన అవసరమూ ఉండదు.

ఈ లోటు మన స్వభావంలో ఉన్నదనీ, తెలుగువాడు విమర్శను సహించడనీ తేల్చివేయడం తొందరపాటు. దానికి ప్రత్యక్షసాక్ష్యం అనువాద కార్యశాలలు. సాహిత్య అకాదెమీ వివిధ భాషలలో నడిపే ఈ కార్యశాలలలో అనువాదకులు, రెండు భాషలూ తెలిసిన నిపుణులు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ముసాయిదాలను వాక్యం వెంట వాక్యం పరిశీలిస్తారు. ఈ మాట మూలంలో లేదు అని ఒకరంటే అనువాదకుడు నొచ్చుకోడు; నిఘంటువు తెరుస్తాడు. ఈ సామెతకు మన దగ్గర దీటైనది ఉన్నది అని మరొకరు అందిస్తే వెంటనే వ్రాసుకుంటాడు. సొంత కథ దగ్గర అదే మనిషి ఒక్క విశేషణం వదులుకోడు. కారణం స్పష్టమే. అనువాదంలో మూలమనే మూడవ వస్తువు బల్ల మధ్యలో ఉన్నది. పొరపాటు దానికీ ప్రతికీ మధ్య జరిగినదే గాని మనిషి యోగ్యతకు సంబంధించినది కాదు. స్వతంత్రరచనకు కూడా అటువంటి మూలం ఒకటి ఉన్నది. రచయిత మనసులో ఉండి, కాగితం మీదికి పూర్తిగా దిగని కథ అది. మిల్‌ఫర్డ్ నియమం చేసేదల్లా ఆ కనపడని మూలాన్ని బల్లమీదికి తెచ్చి, ప్రతితో పోల్చి చూడమనడమే. అనువాదం విషయంలో మనవారికి పట్టుబడిన విద్య రచన విషయంలో పట్టుబడదనడానికి హేతువు కనిపించదు. డిట్రాయిట్‌లోని తెలుగు లిటరరీ క్లబ్బువారు ఒక పుస్తకాన్ని ఎంచుకొని, అందరూ చదివివచ్చి చర్చించే అలవాటు పెట్టుకున్నారు. అక్కడ పరీక్షకు నిలిచేది అచ్చయిన పుస్తకమే అయినా, చదివి రావడమన్న మొదటి షరతు నెరవేరుతున్నది. ఇక్కడ కూడా కథకులు ఒకటి రెండు రోజుల చిన్న శిబిరాలు పెట్టుకొని ముసాయిదాలు చదువుకోవడం అక్కడక్కడ కనిపిస్తున్నది. ఫొటోలు లేని, పత్రికలో వార్త రాని శిబిరాలవి. వాటిలోనే పని ఎక్కువ జరుగుతుందని ఊహించవచ్చు.

బ్రెడ్ లోఫ్‌ను యథాతథంగా దించుకోవలసిన పని లేదు. దాని కుటీరాలు, తరగతులు, పెద్దల కొలువు మనకు అక్కరలేదు. కొలువులు మన దగ్గర సమృద్ధిగా ఉన్నవి. తీసుకోదగినవి రెండు మూడే. వ్రాతప్రతి నెలరోజుల ముందే అందరి చేతికీ అందడం. రచయిత మౌనంగా వినడం. చదివినవారిలో ఒక్కరైనా రచయిత ఊరివాడూ, గుంపువాడూ కాకపోవడం. ఖర్చు పెద్దది కాదు. పదిమందికి అన్నం, ఒక హాలు, ప్రతులు తీయించే డబ్బు.

కాలనిర్ణయం ఒక్కటే ఆలోచించవలసి ఉన్నది. వెర్మాంట్ కొండలలో ఆగస్టు చివర రాత్రులు కంబళి అడుగుతాయి. అక్కడ వేసవి రచనకు అనువైన కాలమే. మన వేసవి అట్లా కాదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి కథాశిల్పం చర్చించమంటే ఎవరూ మూడవ పుట దాటరు. ఉపాధ్యాయులకు సెలవులు అప్పుడే గనుక మన శిబిరాలన్నీ మే నెలలో పెడుతున్నారు. ఆ సెలవులలోనే పిల్లలు ఇంట్లో ఉంటారు, పుట్టింటి వారూ అత్తింటి వారూ వస్తారు, పెళ్ళిళ్ళు వస్తాయి, ఆవకాయ పెట్టవలసి వస్తుంది. ఈనాడు తెలుగులో మంచి కథ వ్రాస్తున్నవారిలో స్త్రీలు ఎందరో ఉన్నారు. ఇద్దరు పిల్లలను ఇంట్లో వదిలి సెక్స్‌టన్ ఆంటియాక్‌కు వెళ్ళగలిగినది కొద్ది రోజులకే. శిబిరం మే నెలలో పెట్టి, ఆడవారు ఎందుకో రావడం లేదని నివేదికలో వ్రాసుకోవడం కంటె, దసరా తరువాత పిల్లలు మళ్ళీ బడికి పోయే రోజులలో, కార్తికంలోనో మార్గశిరంలోనో, వారం మధ్యలో మూడు రోజులు పెట్టి చూడవచ్చు. ఉపాధ్యాయులకు సెలవు దొరకడం కష్టమవుతుంది. వారికి ఆ మూడు రోజులు పనిమీద వెళ్ళినట్లుగా లెక్కవేసే ఉత్తర్వు తెప్పించడం అకాదెమీలకూ విశ్వవిద్యాలయాలకూ అసాధ్యమేమీ కాదు.